పాసిత్స గండిలో దాగిన ఆసుపత్రి

స్లోవేనియా పశ్చిమ భాగంలో, త్సెర్క్నో పట్టణానికి దగ్గరలో, పాసిత్స అనే ఇరుకైన కొండగండి ఉంది. జర్మన్ సైన్యం ఆక్రమణ సాగిస్తున్న కాలంలో, 1943 డిసెంబరు నుంచి 1945 మే వరకు, గాయపడిన పార్టిజాన్ల (ఆక్రమణను ఎదిరించి రహస్యంగా పోరాడిన గెరిల్లా యోధుల) కోసం ఆ గండిలోనే ఒక రహస్య ఆసుపత్రి నడిచింది. డాక్టర్ విక్తోర్ వోల్చాక్ దానికి పునాది వేయగా, ఆ తరువాత బాధ్యతలు చేపట్టిన డాక్టర్ ఫ్రాన్యా బోయ్ట్స్ బిదోవెత్స్ పేరుతో నేటికీ దానిని ఫ్రాన్యా ఆసుపత్రి అని పిలుస్తున్నారు. ఆ వైద్యుల పట్ల నాకు అపారమైన గౌరవం ఉన్నప్పటికీ, ఈ చరిత్ర చదివిన ప్రతిసారీ నా మనసు చుట్టుపక్కల పల్లెల రైతుల దగ్గరే ఆగిపోతుంది.

గండిలో పంట పండదు. అక్కడున్న రోగులూ సిబ్బందీ తినే తిండి కోసం ఆ రైతుల మీద ఆధారపడవలసి వచ్చేది. యుద్ధకాలపు కరువులో తమ పిల్లలకే చాలని తిండిలో నుంచి వారు ఆ వాటా తీసి ఇచ్చారు. పార్టిజాన్లకు సాయం చేశారన్న అనుమానం వస్తే చాలు, ఆక్రమణ సైన్యం ఇళ్లు తగలబెట్టేది, మనుషులను కాల్చి చంపేది లేదా నిర్బంధ శిబిరాలకు పంపేది. అది తెలిసి కూడా వారు నోరు విప్పలేదు. శత్రువు ఆ ప్రాంతమంతా గాలించినా ఆసుపత్రి జాడ చివరి వరకు దొరకలేదు.

క్షతగాత్రులను రాత్రివేళ, కళ్లకు గంతలు కట్టి, మోసుకుని తీసుకువెళ్లేవారు. రేపు ఎవరైనా పట్టుబడి చిత్రహింసకు గురైనా, తెలియని దారిని చెప్పలేరు కదా! అడుగుజాడలు మిగలకుండా మోసేవారు వాగు నీళ్లలోనే నడిచేవారు. చల్లని నీటిలో, జారే రాళ్ల మీద, భుజాన ఒక మనిషి ప్రాణంతో నడవడం ఎంత కష్టమో ఊహించుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. పైనుంచి విమానాలకు కనిపించకుండా చెక్క గుడిసెలను చెట్ల కొమ్మలతో కప్పి ఉంచేవారు. ఆ గుడిసెల మధ్యనే శస్త్రచికిత్స గది, ఎక్స్‌రే గది, చిన్న జలవిద్యుత్ కేంద్రం కూడా ఉండేవి.

అక్కడ 578 మంది తీవ్ర క్షతగాత్రులకు చికిత్స జరిగింది. వారిలో స్లోవేనియన్లతో పాటు ఇటాలియన్లు, ఫ్రెంచివారు, రష్యన్లు, అమెరికన్లు కూడా ఉన్నారు. గాయపడిన ఒక జర్మన్ సైనికుడికి కూడా వైద్యం చేశారు. కోలుకున్నాక అతడు అక్కడి సిబ్బందిలోనే చేరాడు. తమ ఊళ్లను తగలబెట్టే సైన్యానికి చెందినవాడికి కూడా ఆ రైతుల తిండే అందిందన్న సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది.

2007 సెప్టెంబరులో వచ్చిన వరద ఆ గుడిసెలలో చాలావాటిని తుడిచిపెట్టేసింది. వాటిని తిరిగి నిర్మించి, 2010లో సందర్శకుల కోసం మళ్లీ తెరిచారు.