నల్లగొండ అన్న ఒక్క మాట కోసం

నిన్న రాత్రి ఆ మార్పు జరిగింది. ఇంగ్లీషు వికీపీడియాలో తెలంగాణ సాయుధ పోరాటం గురించిన ఒక పేజీలో 'వరంగల్ జిల్లా' పోయి 'నాటి నల్లగొండ జిల్లా' వచ్చింది. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఆనాడు జనగామ తాలూకాలోది. ఆ తాలూకా మా నల్లగొండ జిల్లాలోది. ఈ ఒక్క మాట సరిచేయించడానికి 41 రోజులు పట్టింది.

ఖాతా ఎప్పటినుంచో ఉంది. తెలుగు వికీపీడియాలో నాలుగేళ్లుగా రాస్తున్నాను. దేవరకొండ కోట మొదలు మా చుట్టుపక్కల చిన్న ఊళ్ల దాకా ఆరు వేలకు పైగా మార్పులు చేశాను, గర్వంగానే చెబుతున్నాను. ఆ ధీమాతో ఇంగ్లీషు పేజీ తెరిస్తే పైన నీలం రంగు తాళం బొమ్మ. సవరించే వీలు లేదు. మూలపాఠం చూడవచ్చు, అంతే. ఖాతాకు 30 రోజులు నిండి, 500 మార్పులు చేసినవారికే ఆ పేజీలో ప్రవేశం. పైగా ఏ భాష లెక్క ఆ భాషదే. నా ఆరు వేలు అక్కడ సున్నా.

సరే, ఆ పేజీలోని విషయాల గురించి మాట్లాడుకునే చర్చాపేజీ ఉందిగా అనుకున్నాను. అక్కడ జిల్లాల సరిహద్దుల మీద ఇద్దరు వాదించుకుంటున్నారు. రెండు రాత్రులు కూర్చుని, తాలూకాల చరిత్రంతా మూడు పేరాల్లో రాసి ఆ వాదన కింద పెట్టాను. తెల్లవారి చూస్తే లేదు. ఎవరో తీసేశారు. నా సొంత చర్చాపేజీలో మాత్రం ఒక పెద్ద నోటీసు, దాని కింద 'ఇది ఎవరి మారు ఖాతా?' అని ఒక ప్రశ్న. అంటే, ఎవరో ఇంకో పేరుతో తెరిచిన రెండో ఖాతా అని అనుమానం. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు దాన్ని పైకి చదివి, "తాతయ్యా, మిమ్మల్ని దొంగ ఖాతా అంటున్నారా?" అని అడిగింది. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ పూట అన్నం సహించలేదు.

మూడు రోజుల తర్వాత నోటీసు మళ్లీ చదివాను. వివాదాస్పద విషయాల మీద రాసేవారికి ఇచ్చే సమాచారమే అది; మీరు తప్పు చేశారని కాదు అని అందులోనే రాసి ఉంది. ఇలాంటి ఆంక్ష ఉన్న చోట కొత్తవాళ్లు వాదనల్లో దిగకూడదు, మార్పు కోసం అభ్యర్థన మాత్రమే పెట్టవచ్చు. కులాల పేజీల్లో, యుద్ధాల పేజీల్లో ఒకే మనిషి పది పేర్లతో దిగి రాత్రికి రాత్రి చరిత్ర మార్చేస్తుంటే తాళం వేయక ఏం చేస్తారు? నియమం మీద నాకు కోపం లేదు. మనిషికి ఒక్క వాక్యం సొంతంగా రాయకుండా నోటీసు అతికించి, అనుమానం విసిరి వెళ్లిపోయిన ఆ ఎడిటరు మీదే కోపం. తెలుగులో కొత్తగా వచ్చినవారికి నేను ఏనాడూ అలా చేయలేదు, చేయను.

అభ్యర్థన ఇలా పెట్టండి: ఫలానా వాక్యంలో ఈ మాట తీసి ఈ మాట పెట్టాలి, ఆధారం ఫలానా పుస్తకం, ఫలానా పేజీ. మీ ఊరి గొప్ప, మీ బాధ అక్కడ రాయకండి. నేను రెండోసారి నాలుగు వరుసలే రాశాను. పంతొమ్మిది రోజులకు ఇంకో ఎడిటరు చూసి, పుస్తకం పేజీ ఫొటో అడిగి, మార్చేశారు.

మహబూబ్‌నగర్ మిత్రుడొకరు 'కామా పెట్టు, తీసెయ్యి, అయిదు వందలు వారంలో అయిపోతాయి' అన్నారు. అలా చేయకండి. కనిపెడితే వచ్చిన హక్కు కూడా తీసేస్తారు. నేను ఇంగ్లీషులో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పేజీతో మొదలుపెట్టి మా జిల్లా గుళ్లు, చెరువుల పేజీలు సరిచేస్తున్నాను. నిన్నటికి 212 మార్పులు అయ్యాయి.