నవల కోసం కైఫీయతు కల్పించడం: నా అనుభవం

బొబ్బిలి యుద్ధానంతర కాలపు నవల ఒకటి మొదలుపెట్టినప్పుడు, కథకు ఇరుసుగా నిలిచే గ్రామ కైఫీయతును, అంటే ఊరి చరిత్ర చెప్పే స్థానిక పత్రాన్ని, నేనే కల్పించవలసి వచ్చింది. పాఠకుడు దానిని కొంత నమ్మాలి, కొంత శంకించాలి. అందుకని ముందుగా ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన అసలు కైఫీయతులు చదవడానికి కూర్చున్నాను.

పదాల మధ్య ఎడం లేని ఆ రాతలో వాక్యం ఎక్కడ ముగిసిందో క్రియను బట్టి పోల్చుకోవాలి. అది అలవాటయ్యాక, రాసినవారి అవసరం కనబడసాగింది. మెకంజీ మనుషులు అడిగితే చాలాచోట్ల రాసిచ్చింది కరణాలే; ఊరి పుట్టుక, గుడి, దానాల సంగతి చెబుతూనే తమ మిరాశీలు (వంశపారంపర్య హక్కులు), ఇనాములు (మాన్యాలు) ఎంత పాతవో కూడా వారు అందులో ఎక్కించుకున్నారు. పైగా వాటిలో ఎన్నో సి.పి. బ్రౌన్ తిరిగి రాయించిన ప్రతులుగా మనకు అందాయి కనుక, కరణానికీ మనకూ మధ్య మరో లేఖకుడి చెయ్యి ఉంటుంది. నా కైఫీయతుకూ ఇలాంటి స్వార్థం, ఇలాంటి నకలు రెండూ ఉండాలని నిశ్చయించుకున్నాను.

ఇంగ్లీషు ఆధారం ఇంతకంటే నమ్మదగినదని వాదించే మిత్రులున్నారు. కాని బొబ్బిలి ముట్టడిని ఎంతో వివరంగా వర్ణించిన ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఆ యుద్ధాన్ని కళ్లారా చూడలేదు. ఆ వర్ణన ఉన్న సంపుటం వెలువడింది 1778లో. ధారాళమైన వచనం సాక్ష్యం కాదని నా అభిప్రాయం.

కథకు అసలు దారి చూపినవి తేదీలు. యుద్ధం జరిగింది 1757 జనవరి 24న, అంటే శాలివాహన శకం 1678, ధాత సంవత్సరంలో. శకానికి అలవాటుగా 78 కలిపితే 1756 వస్తుంది. జనవరి ఉగాదికి ముందే వస్తుంది కాబట్టి 79 కలపాలి. అరవై ఏళ్ల చక్రం తిరిగి ధాత మళ్లీ 1816లో, మెకంజీ సేకరణ ఇంకా సాగుతుండగానే వచ్చింది. శకసంఖ్య లేని పత్రంలో “ధాత సంవత్సరమందు” అని మాత్రమే ఉంటే, అది తాతకు అందిన దానమా, మనవడు నిన్న పుట్టించిన హక్కా చెప్పలేము.

నా నవలలో మనవడే నకలు రాస్తాడు. శకసంఖ్య ఉన్న చోట పురుగు తిన్నదని తన చేతితోనే గుర్తు పెడతాడు. అది ఏ ధాతో తేల్చే అధ్యాయం ఒకటి రాశాను గాని తీసివేశాను. కైఫీయతు కల్పితమని మాత్రం పుస్తకం చివర స్పష్టంగా చెప్పాను.