కైమా శాండ్‌విచ్, మా నాయన కొట్టం

డాలస్‌లో విమానం ఎక్కేముందు మా పెద్దవాడికి ఒక మాట చెప్పాను. "తాతయ్యావాళ్ల ముందు నువ్వు బీఫ్ తింటావని అనొద్దు నాన్నా." వాడికి పద్నాలుగేళ్లు. "అడిగితే?" అన్నాడు. "ఎవరూ అడగరులే" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంది.

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు, శనగ పండే ఊరు. మా నాయనకు ఎడ్లంటే ప్రాణం. చేలోకి ట్రాక్టరు వచ్చి ఎన్నేళ్లో అయినా కొట్టంలో ఒక జత ఒంగోలు గిత్తలు, ఒక ఆవు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున ఆయన కాఫీ తాగకముందే వాటికి ఉడకబెట్టిన ఉలవలు పడాలి. మా ఇంట్లో వేటమాంసం, కోడి, చేపలు, రొయ్యలు అన్నీ వండుకుంటాం. పెద్దకూర మాత్రం గడప తొక్కలేదు.

మావాడు మొదటిసారి తిన్నది తొమ్మిదో ఏట, స్నేహితుడి ఇంట్లో. పొడవాటి బన్ను చీల్చి, మధ్యలో ఉల్లిపాయలతో వేయించిన బీఫ్ కైమా, పైన కరిగిన చీజ్. ఇంటికొచ్చి కళ్లు మెరుస్తుంటే చెప్పాడు, "అమ్మా, మనింట్లో కూడా చెయ్యి" అని. నేను కోప్పడలేదు. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. తెల్లారాక వాడిని కూర్చోబెట్టి, "బయట తింటే నీ ఇష్టం, మన పొయ్యి మీద మాత్రం వద్దు, తాతయ్య కొట్టం నీకు తెలుసు కదా" అన్నాను. సరేనన్నాడు. ఆ రుచి మాత్రం ఇంట్లో కావాలన్నాడు.

అందుకని నేను ఆ స్నేహితుడి అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. వాళ్లు కొనే ప్యాకెట్ మీద 80/20 అని ఉంటుంది. అంటే నూటికి ఇరవై పాళ్లు కొవ్వు. నూనె చుక్క వేయకుండా పెనం మీద వేస్తే దానిలోంచి దిగిన కొవ్వులోనే అది వేగుతుంది. పది నిమిషాల్లో ఉడుకుతుంది. 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 71 డిగ్రీలు దాటిందో లేదో సూది గుచ్చి చూస్తారు, మిగిలిన కొవ్వు వంచేస్తారు. మన మేక కైమా అట్లా కాదు. కొవ్వు తక్కువ, నూనె మనమే పోయాలి, నీళ్లు ఊరతాయి, అరగంటకు తక్కువ కాకుండా మగ్గాలి. మొదటిసారి చేసినప్పుడు ఆ నీళ్లకు బ్రెడ్డు నానిపోయి చేతిలోనే విరిగింది. తర్వాత తెలిసింది, కైమాను గరిటెతో గీస్తే పెనం అడుగు పొడిగా కనపడేదాకా వేయించాలని. చీజ్ కూడా కింద ఒక పొర, పైన ఒక పొర వేయాలి. కింది పొర తడిని బ్రెడ్డుకు దిగనివ్వదు, పై పొర కైమా రాలిపోకుండా పట్టుకుంటుంది. అల్లం వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, ధనియాల పొడి, చివర్లో గుప్పెడు కొత్తిమీర నావి. టమాటా సాసు వాడిది.

జూన్‌లో ఊరికి వచ్చిన నాలుగో రోజు, "అందరికీ నేను చేస్తా" అన్నాడు. అన్నయ్య టంగుటూరు వెళ్లి కిలోన్నర కైమా కొట్టించుకొచ్చాడు. బేకరీ బ్రెడ్డు, అమూల్ చీజ్ స్లైసులు. దోసెల పెనం మీద వెన్న రాసిన బ్రెడ్డు పెట్టి, పైన చిన్న ఇత్తడి చెంబులో నీళ్లు పోసి బరువు పెట్టాడు. చీజ్ అంచుల్లోంచి జారి పెనం మీద పడి బంగారు రంగులో చిటపటలాడింది. ఆ మాడిన చీజ్ రేకును అట్లకాడతో గీకి వాళ్ల చెల్లెలి నోట్లో పెట్టాడు. అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, వాడి చేతుల వంకే చూస్తూ ఉంది.

నాయన రెండు తిన్నాడు. "బాగుందిరా అబ్బయ్యా. అక్కడ కూడా ఇదేనా?" అన్నాడు.

వాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"అమ్మ ఇంట్లో ఇట్లాగే చేస్తుంది తాతయ్యా. బయట బీఫ్‌తో చేస్తారు. నేను తింటాను."

నాయనకు ఆ మాట అర్థమైందో లేదో అని వదిన మెల్లగా, "పెద్దకూర మామయ్యా" అంది. అమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

నాకు ఆ క్షణంలో ఏడో తరగతి గుర్తొచ్చింది. మా క్లాసులో ఒక అమ్మాయి మధ్యాహ్నం గోడవైపు తిరిగి, మూత సగమే తెరిచి అన్నం తినేది. ఒకరోజు ఏంటే కూర అని వంగి చూస్తే గబుక్కున మూత పెట్టేసింది. పెద్దకూర అని తర్వాత తెలిసింది. నేను ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ పిల్ల దగ్గరికెళ్లి "నాకేం పర్లేదే, ఇటు తిరిగి తిను" అని కూడా అనలేదు. అదే మూతను నా కొడుకు చేతికి నేనే ఇచ్చాను. పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటించి మరీ. వాడు దాన్ని పెట్టుకోలేదు.

నాయన కంచంలో ఉన్నది పూర్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "రా అబ్బయ్యా" అని వాడిని కొట్టంలోకి తీసుకెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను. గిత్త గంగడోలు మీద వాడి చెయ్యి పట్టి పెట్టాడు. "మీ అమ్మ కాలేజీలో చేరేప్పుడు ఇట్లాంటి జతని అమ్మాను. ఒంగోలులో ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. అందుకని నాకు నోటికి పోదు. నువ్వు తింటావంటే నాకైతే నచ్చలా. ఐనా నాతో చెప్పావు గదా, మంచిది." అంతే అన్నాడు. ఫీజు సంగతి నాకు తెలుసు. ఆ జత వెళ్లిపోయిన రోజు నాయన అన్నం తినలేదని కూడా తెలుసు. వాడికి మాత్రం నేను ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో వద్దు అని చెప్పాను, ఎందుకు వద్దో ఈ కథతో చెప్పలేదు. పిల్లలకు నియమం ఇచ్చి కథ దాచిపెడితే వాళ్లు దేన్ని పట్టుకుని ఉంటారు?

వాడు కాసేపు గిత్త మెడ నిమిరి, ఫోను తీశాడు. టెక్సాస్‌లో హ్యూస్టన్ వైపు వెళ్లేటప్పుడు పొలాల్లో మూపురాలున్న పశువులు కనిపిస్తే, ఇవి మన ఊరివిలా ఉన్నాయే అని నేను కారు ఆపించాను ఒకసారి. అవి బ్రాహ్మన్ జాతి, మన దేశపు పశువుల నుంచి అక్కడ తయారైన జాతి. ఆ తర్వాత వాడే వెతికి చదువుకున్నాడు. మన ఒంగోలు జాతినే బ్రెజిల్ వాళ్లు నెల్లూరు పేరుతో "నెలోర్" అంటారని, 19వ శతాబ్దంలోనే ఇక్కడి పశువులు ఓడల్లో అక్కడికి చేరాయని, 1960ల మొదట్లో కరవది నుంచి వెళ్లిన గిత్తకు ఆ ఊరి పేరే పెట్టారని తాతయ్యకు ఇంగ్లిషూ తెలుగూ కలిపి చెప్పాడు. కరవది మాకు పెద్ద దూరమేం కాదు. నాయనకు కరవది గిత్త సంగతి ఎప్పుడో తెలుసు. వాటిని అక్కడ ఎందుకు పెంచుతున్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివేనని, ఆ మాంసం అమెరికాకూ వస్తుందని వాడు దాచకుండా చెప్పాడు. నా గుండె ఆగినంత పనైంది.

నాయన కళ్లజోడు పెట్టుకుని ఫోనును దూరంగా పట్టుకున్నాడు. తెరమీద తెల్లటి మంద, కనుచూపు మేర పచ్చిక. వేలితో ఒక గిత్తను పెద్దది చేయమన్నాడు. చాలాసేపు చూశాడు.

"మూపురం చూడు, అచ్చం మనదే" అన్నాడు. తర్వాత అడిగాడు, "మేతేం వేస్తారంట?"

"గడ్డేనంట తాతయ్యా. అదే మేస్తాయంట."

"ఉలవలు పెట్టరా?"

"పెట్టరనుకుంటా."

నాయన ఫోను వాడి చేతికిచ్చి, తొట్టిలో నీళ్లు చాలవని బకెట్ అందుకున్నాడు. వాడు రెండో బకెట్ తీసుకున్నాడు.