కొలిచి వేసిన ఉప్పు

పొద్దున నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి నా వైపు చూశారు. ఏమీ అనలేదు. నీళ్లు తాగి మింగేశారు. ఆ చూపు రోజంతా నన్ను వదల్లేదు.

పది రోజులుగా వంటలో ఉప్పు దాదాపు మానేశాను. నాన్నకు బీపీ. నాకేమో మొన్నటి రిపోర్టులో ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని వచ్చింది, అంటే రక్తంలోని చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినడం లేదని. ఉప్పు ఎంత తగ్గితే ఇద్దరికీ అంత మంచిదని గట్టిగా నమ్మాను.

మధ్యాహ్నం దీని గురించే చదువుతూ 2011 నాటి ఒక అధ్యయనం దగ్గర ఆగిపోయాను. 152 మంది ఆరోగ్యవంతులకు ఒక వారం చాలా తక్కువ ఉప్పుతో, ఒక వారం ఎక్కువ ఉప్పుతో తిండి పెట్టి చూశారట. ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎక్కువగా కనిపించింది తక్కువ ఉప్పు తిన్న వారంలోనే! ఉప్పు మరీ అందకపోతే, ఆ ఉప్పు నుంచి వచ్చి ఒంట్లో ఉన్న సోడియాన్ని శరీరం బయటికి పోనివ్వదు. కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమ్ వదులుతాయి, దాంతో యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఈ యాంజియోటెన్సిన్ కండరాల్లో ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది.

టెన్షన్ పడ్డాను కానీ, లెక్క వేస్తే ఆ వారం వాళ్లు తిన్నది రోజుకు గ్రాము పైచిలుకు ఉప్పు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు. అంతకు మించి తినేవాళ్లు తగ్గించుకుంటే బీపీ దిగుతుంది, అందులో సందేహం లేదు. కాబట్టి నాన్నకు మళ్లీ ఇష్టమొచ్చినట్టు ఉప్పు వేసే మాటే లేదు.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌లో జరిగేట్టు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే కిడ్నీలు సోడియాన్ని ఇంకా పట్టి ఉంచుతాయట, అది బీపీని పెంచవచ్చు. నా రిపోర్టు, నాన్న బీపీ వేర్వేరు గొడవలు అనుకున్నాను ఇన్నాళ్లూ.

సాయంత్రం 5 గ్రాముల ఉప్పు తూచి తెల్ల సాసర్లో పోశాను. ఒక టీస్పూను కూడా సరిగ్గా నిండలేదు. ఒక మనిషికి రోజంతటికీ ఇదే, బ్రెడ్డు, బిస్కెట్లలో ఉన్నదీ ఇందులోకే. ప్యాకెట్ మీద సోడియం 400 మిల్లీగ్రాములని ఉంటే, అది 1 గ్రాము ఉప్పు.

రాత్రి కూరలో ఇద్దరికీ కలిపి అర టీస్పూను కొలిచి వేశాను.

"ఇవాళ బాగుందమ్మా," అని నాన్న ఇంకాస్త వడ్డించుకున్నారు.