‘లేదు’ అంటే లేనట్టే

తర్కం మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష ప్రోలాగ్‌ను నేర్చుకున్న కొత్తలో నన్ను నిరాశపరచినది దాని అంకగణితం. తల్లి పేరు చెబితే బిడ్డలను, బిడ్డ పేరు చెబితే తల్లిని వెతికి ఇచ్చే ఆ భాష, కూడిక దగ్గరకు వచ్చేసరికి కుడివైపు విలువలన్నీ ముందే తెలిసి ఉండాలని పట్టుబడుతుంది. ఎక్స్ అంటే వైకి ఒకటి కలపగా వచ్చేది అని రాసి, ఎక్స్ విలువ 5 అని ఇస్తే, వై 4 అని చెప్పవలసింది పోయి, వై విలువ తెలియదంటూ తప్పు చూపి ఆగిపోతుంది.

ఈ లోటును తీర్చే సిద్ధాంతాన్ని జాఫర్, లాసే 1987లో ప్రతిపాదించారు. ప్రోలాగ్ చేసే, రాసిన రూపాలను ఒకదానితో ఒకటి పోల్చి సరిచూసే పని స్థానంలో సమీకరణాల వంటి నిబంధనలను సాధించే పనిని పెట్టవచ్చునన్నదే దాని సారాంశం. ఆ దారిలో వచ్చిన సీఎల్‌పీ-ఆర్ భాష సరళ సమీకరణాలను చక్కగా సాధిస్తుంది గాని, రెండు తెలియని రాశుల గుణకారం వంటివి ఎదురైతే, అవి సరళంగా మారే వరకు పక్కన పెట్టి వేచి ఉంటుంది. పైగా అది వాడేది కంప్యూటర్ల మామూలు ఫ్లోటింగ్ పాయింట్ లెక్కే, అంటే సంఖ్యను ద్విసంఖ్యామానంలో కొన్ని అంకెలకే పరిమితం చేసి ఉంచే లెక్క. 0.1 అనే చిన్న సంఖ్య కూడా ద్విసంఖ్యామానంలో ఎక్కడా ముగియదు కనుక, ఆ లెక్కలో వచ్చిన జవాబు ఎంతవరకు నిజమో జవాబును చూసి చెప్పలేము.

అదే 1987లో జాన్ క్లియరీ మరో దారి చూపాడు. చలరాశికి ఒక విలువ కాకుండా ఒక అంతరాన్ని, అంటే కింది హద్దును, పై హద్దును ఇవ్వాలి. ప్రతి సమీకరణమూ ఆ అంతరాన్ని ఏ వైపు నుంచైనా కుదించగలగాలి. హద్దును దగ్గరి విలువకు సవరించవలసి వచ్చినప్పుడు కింది హద్దును కిందికి, పై హద్దును పైకి జరపాలి. అంతరాల అంకగణితం రామన్ మూర్ 1966 నాటి పుస్తకంతోనే స్థిరపడినా, దానిని తర్క ప్రోగ్రామింగ్‌తో ముడివేయడం కొత్త. ఒట్టావాలోని బెల్-నార్తర్న్ రిసెర్చ్‌లో ఓల్డర్, వెల్లినో ఈ ఆలోచనను బీఎన్‌ఆర్ ప్రోలాగ్‌లో అమలు చేశారు. దాని వారసురాలు నేడు ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌కు అనుబంధంగా దొరుకుతుంది.

కాగితం మీదనే చేసి చూద్దాం. ఎక్స్ 1కీ 2కీ మధ్య ఉంది, 2ను ఎక్స్‌తో భాగిస్తే మళ్ళీ ఎక్స్ రావాలి, అంటే ఎక్స్ 2కి వర్గమూలం. 2ను ఆ అంతరంతో భాగిస్తే మళ్ళీ 1 నుంచి 2 వరకే వస్తుంది కాబట్టి కుదింపు ఏమీ జరగదు. అప్పుడు అంతరాన్ని 3/2 దగ్గర రెండుగా చీలుస్తాము. పై సగాన్ని తీసుకుంటే భాగహారం 1 నుంచి 4/3 వరకు ఇస్తుంది. దానికీ 3/2 నుంచి 2 వరకు ఉన్న సగానికీ ఉమ్మడిగా ఒక్క సంఖ్య కూడా లేదు, కాబట్టి అక్కడ సాధన లేదు. కింది సగం 4/3, 3/2ల మధ్యకు కుదురుకుంటుంది. దానిని మధ్యలో, 17/12 దగ్గర, మళ్ళీ చీలిస్తే పై ముక్క అదే విధంగా కొట్టుకుపోతుంది, మిగిలినది 24/17, 17/12ల మధ్యకు వస్తుంది. ఈ అంతరపు మధ్య బిందువు 577/408. తెలుగునాట ఎన్నో ఇళ్ళలో ప్రవర చెప్పేటప్పుడు వినిపించే ఆపస్తంబుని పేరుతో ఉన్న శుల్బసూత్రాలు, అంటే యజ్ఞవేదికల కొలతల సూత్రాలు, భుజం 1గా ఉన్న చతురస్రపు కర్ణానికి ఇచ్చే విలువ కూడా సరిగ్గా ఇదే కావడం చూసి నేను కాసేపు లెక్క ఆపేశాను. వారు ఈ పద్ధతిలోనే చేశారని నేను అనడం లేదు.

ఇక్కడ గమనించవలసినది ఆ కొట్టుకుపోయిన ముక్కలను. హద్దులను ఎప్పుడూ బయటికే జరుపుతాము కనుక, ఉమ్మడి భాగం శూన్యమైందంటే ఆ ముక్కలోని అనంతమైన సంఖ్యలలో ఒక్కటీ పనికిరాదని నిరూపణ అయినట్టే. ప్రోలాగ్ చెప్పే ‘లేదు’కు ఇంత బలం మామూలు ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో ఎన్నడూ రాదు. మిగిలిన అంతరం మాత్రం ‘ఉంది’ అని చెప్పదు. ఇంకా కొట్టివేయలేకపోయాను అని మాత్రమే చెబుతుంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

అలా కొట్టివేయలేకపోవడానికి చాలాసార్లు కారణం పద్ధతి మందకొడితనమే. 0 నుంచి 1 వరకు ఉన్న ఎక్స్ నుంచి అదే ఎక్స్‌ను తీసివేయమంటే, రెండూ ఒకటేనని గుర్తించని సాదా అంతరాల లెక్క -1 నుంచి 1 వరకు అంటుంది. ఎక్స్, వైల మొత్తం 10, తేడా 2 అన్న బడిపిల్లల లెక్కను, రెండూ 0కీ 10కీ మధ్య ఉన్నాయని చెప్పి ఇచ్చి చూడండి: ఒక్కో సమీకరణాన్ని విడిగా చూసే ఈ పద్ధతి ఎక్స్‌ను 2 నుంచి 10 వరకు, వైని 0 నుంచి 8 వరకు కుదించి అక్కడే చతికిలబడుతుంది. సీఎల్‌పీ-ఆర్ అయితే దీనిని క్షణంలో తేల్చేది. ఎక్స్‌ను సరిగ్గా మధ్యలో, 6 దగ్గర, చీలిస్తే కింది సగంలో ఎక్స్ 6, వై 4 అని తేలిపోతుంది. వెనక్కి వెళ్ళి పై సగాన్ని అడిగితే అక్కడా 6, 4 అనే వస్తుంది, ఎందుకంటే చీల్చిన హద్దు రెండు ముక్కలకూ చెందినది. ఒక్కటే సాధన ఉన్న లెక్కకు ప్రోలాగ్ రెండు జవాబులు చూపిందని నేను ఒక సాయంత్రమంతా నా ప్రోగ్రాములో తప్పు వెతికింది దీనికే.