మూడు డిపార్టుమెంట్లను తాత్కాలిక గదుల్లోకి మార్చడం: నా అనుభవం

బరంపురం వైపు మేము పనిచేసే విశ్వవిద్యాలయంలో ఒక పాత రెండంతస్తుల భవనానికి మరమ్మతులు వచ్చాయి. శ్లాబు కారుతోంది, వైరింగు మొత్తం మార్చాలి. అందులో ఉన్న మూడు డిపార్టుమెంట్లను వేరేచోట సర్దే పని నాకు అప్పగించారు. ఇదే పని నెత్తిన పడినవాళ్ళ కోసం రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది ‘మనుషులు ఎంతమంది?’ అని. అది సులువైన లెక్క. టేబులు, కుర్చీ, నడిచే దారి కలిపి మనిషికి 60 చదరపు అడుగులు అనుకుంటే ఇబ్బంది ఉండదు. చోటంతా మింగేవి బీరువాలే. మూడడుగుల వెడల్పు బీరువా నేల మీద ఐదు చదరపు అడుగులే ఆక్రమిస్తుంది. కానీ తలుపులు తెరిచి ముందు మనిషి నిలబడాలంటే ఇంకో తొమ్మిది కావాలి. మావి 62 బీరువాలు. అంటే పద్నాలుగు మంది కూర్చునే చోటు వాటికే పోయింది. అందుకే గదులు చూడబోయే ముందు టేపు పట్టుకుని బీరువాలు లెక్కపెట్టండి.

బరువు సంగతి అంతకన్నా ముఖ్యం. పుస్తకాలు వరుసగా పేరిస్తే మీటరు పొడవుకు సుమారు ముప్పై కిలోలు. భవనాలు ఎంత బరువు మోయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం తరగతి గది నేలకు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు లెక్క. లైబ్రరీలో పుస్తకాలు పేర్చే గదికైతే కనీసం 6. ఖాళీగా ఉంది కదా అని మేడ మీది తరగతి గదిని రికార్డు గదిగా మార్చడం ప్రమాదం. మేము ఫైళ్ళన్నీ కింద అంతస్తులో పెట్టాం. కింద చెదల భయం, నీళ్ళ భయం ఉంటాయి. బీరువాల కింద ఇటుకలు పేర్చి, గోడకు జానెడు ఎడం వదిలితే చెద దారి ఎప్పటికప్పుడు కంటపడుతుంది.

తరగతి గదుల్లో ఫ్యాన్లకు, లైట్లకు వేసిన సన్నపు వైరే ఉంటుంది. టన్నున్నర ఏసీకి బోర్డు నుంచి విడిగా లైను లాగి, 16 ఆంపియర్ల పాయింటు పెట్టాల్సిందే. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ ఆగిపోతుంది, పక్కన కంప్యూటర్లో నింపుతున్న అడ్మిషన్ల పట్టిక పోతుంది. నెట్ కేబులు నెట్‌వర్క్ స్విచ్ నుంచి గోడ పాయింటు దాకా 90 మీటర్లు దాటకూడదు.

ఇక పెట్టెలు. మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఏ పెట్టె ఏ గదికో మూత మీద రాశాం. నాలుగేసి పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చగానే రాసింది కనపడకుండా పోయింది. ఒక రిజిస్టరు కోసం రెండు రోజులు పెట్టెలు దించి ఎక్కించాం. రెండో విడతలో రెండు పక్కలా రాశాం. డిపార్టుమెంటుకు ఒక రంగు కాగితం, దాని మీద గది నంబరు, పెట్టె నంబరు. వాన చినుకు పడినా చెరిగిపోకుండా మీద ప్లాస్టిక్ టేపు. కూలీల్లో ఒడియా చదివేవాళ్ళుంటారు, తెలుగు చదివేవాళ్ళుంటారు, అసలు చదవనివాళ్ళూ ఉంటారు. రంగు అందరికీ అర్థమవుతుంది. పెట్టె బరువు 15 కిలోలు దాటనివ్వకండి, అడుగు ఊడిపోతుంది.

గడువు మాట. కాంట్రాక్టరు పూజ (దసరా) సెలవులకల్లా అప్పగిస్తానంటాడు. మీరు మాత్రం ఇంకో అక్టోబరు కూడా అక్కడే గడపాలని లెక్కవేసుకోండి. మనవైపు అక్టోబరంటే తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర తీరం దాటాయి. రేకుల షెడ్డులో మనుషులు కొన్నాళ్ళు సర్దుకోవచ్చు గానీ, రికార్డులను ఒక్క వారం కూడా ఉంచకూడదు. శ్లాబు గదులు తక్కువైతే ముందు ఫైళ్ళకే ఇవ్వండి.

పాత మార్కుల లిస్టుల కోసం ఇచ్ఛాపురం, సోంపేట నుంచి రైల్లో వచ్చే పాత విద్యార్థులకు డిపార్టుమెంటు మారిందని తెలియదు. మూసిన గేటు ముందు నిలబడి చూసి వెనక్కి వెళ్ళిపోతారు. ఆ గేటుకు ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో బోర్డు కట్టి, దారి గీసి, ఆఫీసు వేళలు రాశాం. పాత భవనానికి తిరిగి వచ్చాక అలాంటిదే ఇంకో బోర్డు ఆ తాత్కాలిక గది తలుపుకు కట్టాం. అది ఏడాది పాటైనా ఉండాలి.