కజాన్ చూడబోయే గోదావరి వాళ్ళకి

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎలా కనబడుతుందో, రష్యాలో తాతార్ జాతివాళ్ళ రాష్ట్రం తాతార్‌స్తాన్‌కి రాజధాని అయిన కజాన్‌లో వోల్గా నది అలాగే కనబడుతుంది, అవతలి ఒడ్డు ఎక్కడో దూరంగా. కారణం కూడా మనకు తెలిసిందే, ఆనకట్ట. ఒకప్పుడు ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో పారిన నది, 1950లలో దిగువన డ్యామ్ కట్టాక నీళ్ళు వెనక్కి తన్ని ఊరి అంచుదాకా వచ్చేసింది.

పిల్లలు అక్కడ మెడిసిన్ చదువుతున్నారని వెళ్ళే అమ్మానాన్నలు ముందు డబ్బు సంగతి చూసుకోవాలి. మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచెయ్యవు. నలగని డాలర్ నోట్లు పట్టుకెళ్ళి అక్కడి బ్యాంకులో మార్చుకోండి. ఇక కాలం. జూన్‌లో తెల్లవారుజామున 3కే వెలుగొచ్చేస్తుంది, డిసెంబరులో మధ్యాహ్నం 3 దాటితే దీపాలు పెట్టాల్సిందే. చలికాలం వెళ్తే బయట తిరిగేదంతా మధ్యాహ్నం లోపే ముగించుకోవాలి.

క్రెమ్లిన్‌కి, అంటే కజాన్ పాత కోటకి, మెట్రోలో క్రెమ్ల్యోవ్‌స్కాయా స్టేషన్‌లో దిగి కొంచెం ఎగువకి నడిస్తే చాలు. కోట ఆవరణలోకి టికెట్ లేదు, లోపలి మ్యూజియాలకే ఉంది. కుల్ షరీఫ్ మసీదు చూడటానికి పాతదిలా ఉంటుంది గానీ, తెరిచింది 2005లో. 1552లో రష్యా రాజు ఇవాన్ ది టెరిబుల్ సైన్యం కజాన్‌ని పట్టుకున్నప్పుడు పోరాడి చనిపోయిన ఇమాం పేరు దానికి పెట్టారు. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, చున్నీ దగ్గరుంటే సరిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మాత్రం వెళ్ళకండి. నాలుగడుగుల్లోనే పాత చర్చి, అనన్సియేషన్ కెథడ్రల్. ఆ పక్కనే స్యుయుంబికె బురుజు, ఏడంతస్తులు, 58 మీటర్లు. కొస దాదాపు 2 మీటర్లు పక్కకి ఒరిగింది. మొదలు దగ్గర నిలబడితే ఆ వాలు తెలీదు, దూరం జరిగి పక్కనున్న గోడ అంచుతో పోల్చి చూడండి. కజాన్ రాణి స్యుయుంబికె దీని మీంచి దూకిందని కథ. ఆమెను మాస్కో తీసుకుపోయింది 1551లో, కాబట్టి ఆ కథ నిలవదు.

ఒక్క పూటే ఉంటే మాత్రం నేను క్రెమ్లిన్ తగ్గించుకుని పాత తాతార్ పేటకే ఓటు వేస్తాను. కబాన్ చెరువు పక్కన చెక్కిన కిటికీలతో పచ్చ, నీలం, పసుపు రంగుల చెక్క ఇళ్ళు. అక్కడి మర్జానీ మసీదు కట్టింది 1766–1770లో. కజాన్ పడిపోయాక మళ్ళీ రాతి మసీదుకి అనుమతి దొరికింది అప్పుడే, ఇచ్చింది రష్యా కేథరిన్ రాణి. మినార్ పక్కన కాకుండా పైకప్పు నడుమ లేచి ఉంటుంది. వీధి బోర్డులు రష్యన్‌లోనూ తాతార్‌లోనూ ఉంటాయి. కొట్లో "రెఖ్మెత్" అంటే, అదే థ్యాంక్స్ అంటే, ముఖాలు విప్పారతాయి.

తిండి దగ్గర జాగ్రత్త. ఎచ్‌పొచ్‌మాక్ అంటే మూడు మూలలది, పిండి రొట్టె లోపల మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పెట్టి కాలుస్తారు. కాలుతుండగా నడిమి చిల్లులోంచి మాంసం రసం పోస్తారు, అందుకే ఆత్రపడి కొరికితే నోరు కాలుతుంది. శాకాహారులు కిస్తిబీ అడగాలి, చపాతీ లాంటిది మడిచి లోపల ఆలూ ముద్ద పెడతారు. మాంసం పెట్టేవీ ఉంటాయి కనుక ఆలూదే అని చెప్పండి. ఇక చక్‌చక్. పిండి ముక్కలు వేయించి తేనె పాకంలో కలిపి కుప్పగా అద్దుతారు. తాపేశ్వరం కాజా తిన్న నోటికి తప్పు ఇట్టే తెలుస్తుంది. పాకం లేతదైతే ముక్కలు రాలిపోతాయి, ముదిరితే పళ్ళకు పని. పిండిలో కోడిగుడ్డు కలుపుతారు, శనివారం ముట్టనివాళ్ళు గుర్తుంచుకోండి.